నాలుగో పడక

మే 4
పెట్రోలు బంకు వెనక, బండిలోంచి

తమ్ముడికి,

బయల్దేరి మూడు రోజులైంది. ముగ్గురం క్షేమం. బండికి ఎడమవైపు అద్దం ఒక్కటే క్షేమంగా లేదు. ఊరు దాటుతుండగా ఓ కరెంటు స్తంభం దాన్ని ఊడబెరుక్కుంది. స్తంభం రోడ్డు మీదికి వచ్చిందని డ్రైవరమ్మ అంది. ముప్పయ్యొక్క ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి చెప్తోంది కాబట్టి నేనూ, లెక్కల టీచరూ నమ్మాం.

బండి ఎలా ఉందని అడిగావు. డ్రైవరమ్మ రిటైరవగానే కొనుక్కున్న ఈ ఆర్వీ నిజానికి చక్రాలున్న ఒక గది. ముందు రెండు సీట్లు. వెనక గ్యాసు పొయ్యి, చిన్న సింకు, గోడకి మడిచిపెట్టే బల్ల, నాలుగు పడకలు. స్నానాల గది కూడా ఉంది. దాని తలుపు వేయాలంటే ముందు మనం బయటికి రావాలి.

ఉత్తరంగా కొండలన్నీ దాటి, రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా వెళ్లాలని మా పట్టుదల. అక్కడ సముద్రం ఉందని మ్యాపులో ఉంది. మ్యాపు లెక్కల టీచరు దగ్గరుంది. స్కేలూ, కోణమానినీ కూడా ఉన్నాయి. దారి అడిగితే మాత్రం కిందికి దిగి ఎవరినైనా కనుక్కోమంటుంది.

ఫోన్లు మూడూ బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేశాం. ప్రాణం మీదికొస్తే తప్ప తీయకూడదని ఒప్పందం. అందుకే ఈ ఉత్తరం. ఆగబోయే ఊళ్ల పేర్లు, తేదీలు ఈ కాగితం వెనక రాశాను. అక్కడి పోస్టాఫీసుకి రాస్తే మేం వెళ్లేదాకా ఉంచుతారు.

నాలుగో పడక ఖాళీగానే ఉంది. నేను రమ్మన్నా మరదలు రానందని నువ్వు చెప్పినప్పుడు నాకు మనసు చివుక్కుమన్న మాట నిజం. కొండదారిలో కడుపులో తిప్పుతుందని వద్దందట కదా. సరే, ఎవరి ఒంటి సంగతి వాళ్లకే తెలుస్తుంది. ఆ పడక మీద ప్రస్తుతం ఉల్లిపాయల బస్తా పడుకుంటోంది.

కళ్లద్దాల షాపు ఎలా నడుస్తోంది? ముందు గదిలో నీ కబుర్లు, వెనక గదిలో మరదలి లెన్సుల మిషను మోత. ఇరవై నాలుగేళ్లుగా ఇంతే కాబట్టి ఈ మూడు రోజుల్లో మారి ఉండదనుకుంటాను.

మీ అక్క


మే 12
షాపులోంచి

అక్కకి,

ఉత్తరం అందింది. మొదట ముఖ్యమైన సంగతి. అద్దం పోయిందంటే బ్రేకులు సరిగా పడటం లేదన్నమాట. దిగుడులో బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచకూడదు. చిన్న గేరులో దిగాలి. మెకానిక్కు బాగానే ఉన్నాయంటాడు, వినవద్దు. మార్పించండి. నేను పేపర్లో చదివాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఒకాయన ముక్కు కొలత తీసుకుంటున్నాను. అందుకని నీ మరదలు విప్పింది. నిలబడే చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. "వదిన బాగా రాసింది," అంది. మడత పెట్టి నా బల్ల మీద పెట్టి వెనక గదిలోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచీ ఆమె నోట లెన్సుల నంబర్లు తప్ప వేరే మాట రావడం లేదు. "మైనస్ రెండున్నర" అంటుంది. "అయిపోయింది" అంటుంది. భోజనం దగ్గర కూర్చుంటుంది, సగంలో లేస్తుంది. ఒకసారి మిషను ఆపేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ గోడ మీద ఏమీ లేదు. నేను వెళ్లి చూశాను.

ఎండల వల్ల అయ్యుంటుంది. నువ్వు మాత్రం ఇకముందు ఉత్తరాల్లో పడకల గురించి రాయకు. బండి బాగా ఇరుకుగా ఉందని రాస్తే మంచిది. ఎందుకని అడక్కు.

నీ తమ్ముడు


మే 20
మెకానిక్కు షెడ్డు ముందు

తమ్ముడికి,

నీ సలహా ప్రకారం బ్రేకులు మార్పించాం. నీ ఉత్తరం చేతికొచ్చిన రోజే ఓ వంతెన గోడని ఎడమవైపున మూడు గజాల మేర గీకుతూ వచ్చాం కాబట్టి డ్రైవరమ్మ కూడా కాదనలేదు. మెకానిక్కు చక్రాలు విప్పి చూసి, "వీటికేం కాలేదమ్మా," అన్నాడు. నువ్వు ముందే చెప్పావు కదా, అలాగే అంటాడని. విన్లేదు. మార్చేదాకా అక్కడే కూర్చున్నాం. అతను డబ్బాలోంచి కొత్తవి తీస్తూ డ్రైవరమ్మ వంక చాలాసేపు చూశాడు. చక్కటి మనిషి. భార్య పోయి ఉంటుందని లెక్కల టీచరు ఊహ.

కొండలు మొదలయ్యాయి. రోడ్డు పక్కనే నది, నది అవతల దేవదారు చెట్లు, వాటి పైన మంచు. మబ్బు మాకంటే కింద ఉంటోంది. ఇలాంటిది చూసినప్పుడు ఏమనాలో మా ముగ్గురికీ తెలీదు. "బావుంది," అని ఒకరంటాం. "బావుంది," అని మిగతా ఇద్దరం అంటాం. టీ పెట్టుకుంటాం.

ఇక మరదలి సంగతి. నువ్వు దాచావు గానీ నాకు అర్థమైంది. ఆమెకి ఉంచిన పడక మీద ఉల్లిపాయలు పెట్టామని రాశాను చూడు, దానికి నొచ్చుకుంది. తప్పు నాదే. బస్తా తీసి సింకు కింద పెట్టామని చెప్పు. అయినా భోజనం తగ్గడం, మాట తగ్గడం, గోడ చూడటం ఇవన్నీ ఉల్లిపాయల వల్ల రావు. ముప్పయ్యేళ్లు నర్సుగా వార్డులో చూశాను. థైరాయిడ్. వెంటనే రక్తపరీక్ష చేయించు. పరగడుపున తీసుకెళ్లు.

బండి ఇరుకుగా ఉందని రాయమన్నావు. ఇరుకుగా ఏం లేదు.

మీ అక్క


మే 28
షాపులోంచి

అక్కకి,

రక్తపరీక్ష చేయించాను. థైరాయిడ్ బాగుంది. షుగరు బాగుంది. రక్తం నాకంటే బాగుందని ల్యాబులో అన్నారు.

పరీక్ష ఎందుకని ఆమె అడగలేదు. షాపు మూసి పద అంటే వచ్చింది. చెయ్యి చాపమంటే చాపింది. దూది అదిమి పట్టుకుని కుర్చీలో కూర్చున్నాక అప్పుడు అడిగింది.

"వదిన నన్ను రమ్మందా?"

"ఏదో మాటవరసకి అనుంటుంది," అన్నాను.

"నేను వద్దన్నానా?"

ఎదురుగా ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇంటికెళ్లాక మాట్లాడదామన్నాను. ఇంటికెళ్లాక ఆమె మాట్లాడలేదు.

నీకు చెప్పకుండా ఇంక దాచలేను. నువ్వు ఏప్రిల్లో నాతో అన్న మాట నేను ఆమెకి చెప్పనే లేదు. ఆమెకి కడుపులో తిప్పడం అబద్ధం కాదు. చెల్లెలి ఇంటికి కారులో వెళ్లినప్పుడల్లా రెండుసార్లు ఆపాలి. ఆ కొండల్లో అవస్థ పడుతుందని, చెప్తే మొహమాటానికి ఒప్పుకుంటుందని అనుకున్నాను. ఆమె వెళ్తే వెనక గదిలో ఎవరు కూర్చుంటారని కూడా అనుకున్నాను. రెండింట్లో ముందు ఏది అనుకున్నానో ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే కుదరడం లేదు.

ఒక్క సాయం చెయ్యి. బయల్దేరే ముందురోజే హడావిడిగా పిలిచానని, అప్పటికి టైము లేకపోయిందని ఆమెకి రెండు ముక్కలు రాయి. నీ మాట నమ్ముతుంది.

కొత్త బ్రేకులు మొదటి వంద కిలోమీటర్లు గట్టిగా తొక్కకూడదు.

నీ తమ్ముడు


జూన్ 4
పోస్టాఫీసు మెట్ల మీంచి

తమ్ముడికి,

ఈ ఊళ్లో పోస్టాఫీసు, మందుల షాపు ఒకే గది. నీ ఉత్తరం, డ్రైవరమ్మ తలనొప్పి మాత్రలు ఒకే మనిషి ఒకే చేత్తో ఇచ్చాడు. మెట్ల మీద కూర్చుని చదివాను. ఇంకో ఊరు వెళ్లాక జవాబు రాద్దామనుకున్నాను గానీ, లేచి నిలబడాలనిపించలేదు.

నువ్వడిగినట్టు రాయను.

నిన్ను తిట్టడానికి రెండు పేజీలు రాసి చింపేశాను. ఎందుకంటే మూడో పేజీలో నా వంతు వచ్చింది. ఆమెని పిలవాలంటే ఆమెని పిలవాలి. నేను నీకు ఫోను చేసి, "మరదల్ని పంపిస్తావా," అన్నాను. నువ్వు పంపనన్నావు. మధ్యలో మనిషి వెనక గదిలో మిషను తిప్పుకుంటోంది. పండక్కి చీర కొన్నా నిన్నే రంగు అడుగుతాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నువ్వు ఒకసారి అబద్ధమాడావు, నేను ఆ అబద్ధానికి ప్రతిసారీ తలుపు తీసిపెట్టాను.

దీంతో పాటు అంటించిన కవరు ఒకటి ఉంది. దాని మీద ఆమె పేరుంది. నువ్వు విప్పొద్దు. అందులో ఏముందని నన్నడగొద్దు. జూన్ 16 దాకా మేం సరస్సు ఉన్న ఊళ్లో ఆగుతాం అన్నంతవరకు నీకు చెప్పొచ్చు.

డ్రైవరమ్మకి సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తోంది. ఎత్తు వల్ల అనుకుంటున్నాను. నిన్న పార్కింగులో ఓ చెత్తకుండీ మీదికి ఎక్కించింది. బ్రేకులు కొత్తవి కావడం వల్ల అలవాటు పడలేదంటోంది.

మీ అక్క


జూన్ 13
షాపులోంచి

అక్కకి,

కవరు ఇచ్చేశాను. విప్పలేదు. దీపం ముందు పట్టి చూశాను గానీ కాగితం మందంగా ఉంది.

ఆమె చదివి ఏప్రను జేబులో పెట్టుకుంది. మర్నాడు నన్ను వెనక గదిలోకి పిలిచి, మిషను ముందు కూర్చోబెట్టి, లెన్సు అంచు ఎలా అరగదీయాలో నేర్పడం మొదలుపెట్టింది. మణికట్టు నొప్పేమో అనుకున్నాను. మూడు రోజులు నేర్పింది. ఎనిమిది లెన్సులు పగలగొట్టాను. తొమ్మిదోది ఫ్రేములో కూర్చుంది. "ఇది చాలు," అంది. "ఎల్లుండి పొద్దున బస్సుకి వెళ్తున్నాను. వదిన దగ్గరికి."

అడగడం కాదు, చెప్పడం. నేను, "సరే," అన్నాను. బస్టాండుకి వెళ్లాను. దారిలో అవసరం పడతాయని నాలుగు ప్లాస్టిక్ కవర్లు ఇచ్చాను. తీసుకుని వాటిలో అరటిపళ్లు వేసుకుంది.

తిరిగొచ్చాక బీరువా తీశాను. స్వెట్టర్లన్నీ లేవు. మూడు వారాలని చెప్పి వెళ్లిన మనిషికి ఎన్ని స్వెట్టర్లు కావాలి? అది పోనీ. వెనక గదిలో ఆమె చిన్న స్క్రూడ్రైవర్ల డబ్బా కూడా లేదు. సెలవుకెళ్లే మనిషి పనిముట్లు తీసుకెళ్తుందా? పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా ఆ డబ్బా ఇక్కడే ఉండేది. ఫోను మాత్రం బల్ల మీద వదిలేసింది. కస్టమర్లు ఆ నంబరుకే చేస్తారట.

పని నేర్చుకోవడం మొదలైన దగ్గర్నుంచీ ఐదు రోజులుగా ఆ గదిలో కూర్చుంటున్నాను. నాలుగు వైపులా గోడలే. అరగంటకోసారి ఏదో వంకతో ముందు గదిలోకి వస్తున్నాను.

ఆమె తిరిగొస్తుందా? నువ్వు మాటల్లో పెట్టి కనుక్కుని రాయి.

నీ తమ్ముడు


జూన్ 22
కనుమ అవతల, లాడ్జిలోంచి

తమ్ముడికి,

మరదలు చేరింది. పదిహేడు గంటల బస్సు దిగి, సరస్సు చూసి, టీ తాగి, "ఏ పడక?" అంది. బస్సులో పక్కన కూర్చున్న ముగ్గురి కళ్లద్దాలకి మరలు బిగించిందట. అదీ స్క్రూడ్రైవర్ల కథ. మిగతాది నిదానంగా చదువు.

మూడో రోజు ఆమె ముందు సీట్లో కూర్చుంది. కనుమ ఎక్కుతున్నాం. పక్కన గోడ లేదు, లోయ ఉంది. నేను వెనక బల్ల దగ్గర గుడ్లు ఒలుస్తున్నాను. బండి ఎడమకి కొద్దిగా ఒరిగినట్టనిపించింది. మరదలి గొంతు వినిపించింది. కస్టమరుతో మాట్లాడినట్టే ఉంది.

"అక్కగారూ, కుడిపక్కకి తిప్పి బండి ఆపండి."

ఆపింది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం రోడ్డు అంచు మీద సగమే ఉంది. మిగతా సగం కింద గులకరాళ్లు జారుతూనే ఉన్నాయి.

డ్రైవరమ్మ బ్రేకుల్ని తిట్టడం మొదలుపెట్టింది. మరదలు ఆమెని రాయి మీద కూర్చోబెట్టి కుడికన్ను చేత్తో మూసింది.

"ఎదురుగా లారీ ఆగింది కదా, దాని నంబరు చదవండి."

"ఏ లారీ?" అంది డ్రైవరమ్మ.

శుక్లం. ఎడమకన్ను నిండా. మొదటిరోజే అనుమానం వచ్చిందట మరదలికి, డ్రైవరమ్మ టీ కప్పు కోసం చెయ్యి చాపి అంగుళం పక్కన గాలిని పట్టుకుందని. స్తంభం, వంతెన, చెత్తకుండీ అన్నీ ఎడమపక్కవే. ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి, నేను పక్కనే కూర్చుని రెండు జతల బ్రేకుల గురించి మాట్లాడాను. ఆ మెకానిక్కు చూసిన చూపు ఎందుకో ఇప్పుడు తెలిసింది. అతనికి భార్య ఉందేమో.

నీకూ ఇందులో వాటా ఉంది. మార్చిలో డ్రైవరమ్మ నీ షాపులో ఫ్రేము మార్పించుకుందట. "నేను వెనకనుంచి అడిగాను వదినా, చూపు చూశారా అని. ఆవిడ ఫ్రేమే అడిగింది కదా అన్నారు," అని మరదలు చెప్పింది. నిష్ఠూరంగా కాదు. జరిగింది జరిగినట్టు.

ఫోన్ల డబ్బా తీశాం. మూడింట్లోనూ ఛార్జింగు లేదు. లెక్కల టీచరుకి డ్రైవింగు రాదు, నాకు రాదు. కొండ మీద ఎంతసేపు నిలబడతాం? మరదలు వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. పెళ్లికి ముందు వాళ్ల నాన్న బేకరీ వ్యాను ఆరేళ్లు నడిపిందట. నీకు తెలుసా? నాకు తెలీదు. అడిగిన పాపాన పోలేదు. నలభై ఒక్క మలుపులు. లెక్కల టీచరు లెక్కపెట్టింది. కనుమ అవతల లాడ్జి ముందు గీత మీద గీత పెట్టినట్టు ఆపింది. కడుపులో తిప్పలేదా అని అడిగాను. "ఆయన నడిపితేనే వదినా," అంది.

సాయంత్రం డ్రైవరమ్మ, "నేను మిమ్మల్ని చంపేదాన్ని," అంది. ఎవరం కాదనలేదు. లెక్కల టీచరు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

ఆపరేషనుకి నేను ఆమెని బస్సులో మన ఊరికి తీసుకొస్తున్నాను. ఈ ఉత్తరం, నేను ఒకేరోజు చేరినా చేరతాం. బండి మాత్రం రోడ్డు చివరిదాకా వెళ్లాల్సిందేనని డ్రైవరమ్మ పట్టు. మరదలు, లెక్కల టీచరు లాడ్జి దగ్గర అద్దం బిగించుకుని, ఈ నెలాఖరున బయల్దేరతారు.

తిరిగొస్తుందా అని మాటల్లో పెట్టి కనుక్కోమన్నావు. కనుక్కోను. అడగాలంటే నువ్వే అడుగు. లాడ్జి చిరునామా కింద రాశాను. షాపు తాళాలు నాకిస్తే ముందు గదిలో కూర్చుంటాను. లెన్సుల పని మాత్రం వచ్చాక చూసుకుంటారని చెప్తాను.

మీ అక్క


జూలై 8
రోడ్డు చివర, బండిలోంచి

అక్కకి,

డ్రైవరమ్మ ఆపరేషను బాగా జరిగిందని నీ కార్డు చూశాక ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. ఆమె కట్టు విప్పగానే ఎదుటి గోడ మీది క్యాలెండరు చదివి, తేదీ తప్పని చెప్పిందని రాశావు. నర్సు వెళ్లి చూస్తే నిజంగానే తప్పట. ఆ మాట నీ మరదలు రెండుసార్లు చదివించుకుంది. కొత్త అద్దాలకి చూపు నేనే చూస్తానని డ్రైవరమ్మకి చెప్పు. రెండు కళ్లూ చూస్తాను.

నేను లాడ్జికి చేరిన రోజు సంగతి నీకు రాయలేదు. బస్సు దిగేసరికి నీ మరదలు బండి కింద పడుకుని ఏదో బిగిస్తోంది. చెప్పులు మాత్రం కనిపించాయి. ఆ చెప్పులతో మాట్లాడాను. అదే సులువనిపించింది. నువ్వు నాకు చెప్పిన మాట ఆమెకి చెప్పకుండా మింగేశానని, ఆమె వద్దందని నీకు చెప్పానని, రెండూ తప్పేనని చెప్పాను. "తిరిగొస్తావా?" అని అడిగాను. కొంతసేపు స్పానరు చప్పుడు వినిపించింది. "ఇరవయ్యో తారీఖుకి," అంది. "వెనక గదికి కిటికీ పెట్టించాలి. వీధివైపు." ఎంత పెద్దదని మాత్రం అడిగాను.

నన్నూ రానిచ్చారు. ముందు సీటు లెక్కల టీచరుది, మ్యాపు ఆవిడ దగ్గరుంది కాబట్టి. వెనక బల్ల దగ్గర నేను. మొదటి రోజు దిగుడులో చిన్న గేరు గురించి చెప్పబోయాను. నీ మరదలు అద్దంలోంచి ఒక చూపు చూసింది. అప్పటినుంచీ కూరగాయలు తరుగుతున్నాను. వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతోంది. రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. విసుక్కోకుండా ఆపింది.

బాగా నడుపుతుంది అక్కా. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు వాళ్లింటి ముందు ఆ వ్యాను చూశాను. ఎవరు నడుపుతారని అడిగితే, "అమ్మాయే," అని వాళ్ల నాన్న గర్వంగా చెప్పాడు. తెలిసిన సంగతే. ఎలా మర్చిపోయానో చెప్పలేను.

నిన్న లెక్కల టీచరు కునుకు వస్తోందని వెనక్కి వెళ్లి పడుకుంది. నేను ముందుకి వెళ్లాను. కొండలు తగ్గిపోయి చెట్లు కూడా లేని బయలు మొదలైంది. అప్పుడు అడిగాను.

"అక్క రమ్మందని అప్పుడే చెప్పుంటే వచ్చేదానివా?"

ఒక వంతెన దాటింది. గొర్రెల మంద అడ్డొస్తే ఆపింది, అవన్నీ దాటాక మళ్లీ పోనిచ్చింది.

"వచ్చేదాన్ని కాదు," అంది. "మే నెలంతా ఆర్డర్లు కదా. వద్దనేదాన్ని."

నా గుండెల మీంచి ఏదో దించినట్టయింది. అయితే నేను చెప్పిందీ అదే కదా అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"కానీ ఆ మాట నేను అనేదాన్ని," అంది.

నోరు మూసుకున్నాను.

ఇంకో గంటకి రోడ్డు అయిపోయింది. బోర్డు ఏమీ లేదు. తారు ఆగిపోయి రాళ్లు, రాళ్ల తర్వాత బూడిదరంగు నీళ్లు. ఆమె ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, దిగి నీళ్లవైపు నడిచింది. నన్ను రమ్మనలేదు, ఉండమనలేదు. నేను కిటికీ దించాను.

"నేనూ రానా?" అని అడిగాను.

వెనక్కి తిరగలేదు. "చెప్పులు వేసుకుని రండి," అంది. "రాళ్లు గుచ్చుకుంటాయి."

నీ తమ్ముడు